చిలకమ్మ సందుకి వచ్చిన వాటా

మూడో పడవ కూడా గీసి, దాని కింద సున్నా చుట్టి, జ్ఞానశేఖర్ ఆ పాత క్యాలెండరు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మొదటి పడవలో పన్నెండు గంపల చేపలు, రెండోదానిలో మూడు, మూడోది ఖాళీ. నీలం పెన్సిలు మొద్దుబారిపోవడంతో గంపలన్నీ ఒకదానిలోకి ఒకటి దూరిపోయి ముద్దలా ఉన్నాయి.

వంటగది గుమ్మంలోంచి రత్నమణి తొంగి చూసింది. "ఏటిరా అవి, సెప్పులా?"

"పడవలక్కా."

"పడవలైతే మరి నీల్లేవి?"

నీళ్ళు గీయలేదు. సగటు చెప్పడానికి నీళ్ళెందుకు? కాగితాన్ని చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. అది తెగింది. ఇంకొకటి వెతికి వేశాడు. అదీ తెగింది. పురికొస తెచ్చి, పళ్ళతో బిగించి, నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. ఈ ఇంట్లో వెతుకుదామన్నా పనికొచ్చే వస్తువు ఒక్కటీ ఉండదు కదా అని గొణుక్కున్నాడు.

నలభై ఆరేళ్ళ మనిషి. సన్నంగా పొడుగ్గా ఉంటాడు. బస్సు కమ్మీకి తల తగలకుండా వంగీ వంగీ మెడ ముందుకే ఉండిపోయింది. జేబు అడుగున ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది కాబట్టి చొక్కాలన్నిటికీ అక్కడ ఒక తెల్లమచ్చ. అచ్యుతరామయ్య కళాశాలలో మధ్యాహ్నం పూట నేరన్యాయం డిప్లొమా చదివేవాళ్ళకి గణాంకశాస్త్రం చెబుతాడు. ఉద్యోగం తాత్కాలికం. తాత్కాలికమై చాలా ఏళ్ళయింది, అది వేరే ఏడుపు. చదివేవాళ్ళు కుర్రాళ్ళు కారు. హెడ్ కానిస్టేబుళ్ళు, జైలు వార్డర్లు, కోర్టు గుమస్తాలు, ప్రమోషన్ కోసం వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకి శిక్షాస్మృతి చెప్పే ఆయనంటే భయం, సాక్ష్యచట్టం చెప్పే ఆయనంటే భక్తి. లెక్కల మేష్టారంటే జాలి.

తండ్రి పోర్టులో టాలీ గుమస్తా. ఓడ లోంచి దిగిన ప్రతి బస్తాకీ ఒక నిలువుగీత, అయిదోదానికి అడ్డగీత. ఆ గీతలు చూస్తూ పెరిగిన పిల్లవాడికి లోకమంతా సరిగ్గా గీత పెడితే సర్దుకుంటుందన్న పిచ్చి నమ్మకం ఒకటి పట్టుకుంది. తండ్రి పోయాక రత్నమణి ఆసుపత్రిలో ఆయాగా చేరి తమ్ముణ్ణి చదివించింది. ఆమెకి పెళ్ళయింది గాని భర్త ఎన్నాళ్ళో దక్కలేదు. తమ్ముడికి పెళ్ళే కాలేదు. చూసిన సంబంధాలు రెండు, పర్మినెంటు అయ్యాక చూద్దామన్నారు.

మల్కాపురంలో వాళ్ళుండే చిలకమ్మ సందుకి ఒక పక్క నూనె ట్యాంకుల ప్రహరీ, ఇంకో పక్క రైలు పట్టాలు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే ఆడవాళ్ళయినా, తెల్లారకుండా హార్బరుకి బయల్దేరే చేపలమ్మేవాళ్ళయినా ఆ సందులోంచి నడవాల్సిందే. కొత్త దీపం పెడితే వారం తిరక్కుండా ఎవడో రాయి విసురుతాడు. రెండేళ్ళ కిందట రత్నమణిని వెనకనుంచి తోసేసి సంచీ లాక్కుపోయారు. మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ అన్నం గంజి వార్చాలంటే తమ్ముణ్ణి పిలుస్తుంది.

ఇంత జరిగినా పోలీసు లెక్కల్లో మాత్రం ఆ సందు బహు ప్రశాంతం. ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఫిర్యాదు లేనిచోట నేరం లేదు, నేరం లేనిచోట గస్తీ ఎందుకు? ఇది తెలిశాక జ్ఞానశేఖర్‌కి నిద్ర పట్టలేదు. ఇంటింటికీ తిరిగాడు. "మీరు వెళ్ళి రాయించండమ్మా. అంకె పెరిగితే గస్తీ పడక ఛస్తుందా" అని బతిమాలాడు. పాపం, నమ్మారు. ఒకరి తరవాత ఒకరు వెళ్ళారు. పక్కింటి కాసులమ్మని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, దొంగ పేరు చెప్పమన్నారు. తెలిస్తే నీకెందుకు సెప్తాను, నానే తందును అందావిడ. ఆ మాటకి ఇంకాస్సేపు కూర్చోబెట్టారు. ఆ పూట గంపలో చేపలన్నీ మురిగిపోయాయి. రత్నమణిని పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా ఉంచారు. మొగుడు లేనిదానివి, ఆ వేళప్పుడు ఎక్కణ్ణుంచి వస్తున్నావని పదిమందిలో అడిగారు. ఆసుపత్రి నుంచి అని అన్నిసార్లూ ఒకే జవాబు చెప్పి, వేలిముద్ర వెయ్యమంటే సంతకం చేసి వచ్చింది. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదంతే.

ఇవాళ ఆ ఫలితం తేలాలి. కొత్త గస్తీ ఆర్డరు ఇవాళ స్టేషన్‌లో పెడతారు. రత్నమణికి బొబ్బిలి వైపు ఒక మిషనాసుపత్రిలో పని దొరికింది. ఉండడానికి గది అక్కడే, ఆవరణలోనే. రేపు పొద్దున్న చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మంచం మీద రేకు పెట్టె తెరిచి ఉంది. తెల్లచీరలు సర్దేసింది కూడాను.

"గస్తీ పడితే ఉండిపోతాను శేఖరూ. లేదా, సాయంత్రం పాసింజరుకి ఎల్లిపోతాను. నాకింక ఆ సందులో నడిసే ఓపిక లేదురా."

"పడుతుందక్కా. ఇరవయ్యొక్క ఫిర్యాదులు. ఇంకే సందుకీ అందులో సగం లేదు. ఎలా పడదు?"

ఆమె పెట్టె మూత వేసింది గాని, గొళ్ళెం పెట్టలేదు.

*

బస్సులో ఊపిరాడలేదు. షిప్‌యార్డు షిఫ్టు దిగినవాళ్ళ మధ్య పడవల కాగితాన్ని నెత్తికి పైన పట్టుకుని నిలబడ్డాడు. ఎవడో మోచేత్తో పొడిచి, "ఏటి బావా, క్యాలెండర్లు అమ్ముతన్నావా?" అన్నాడు. జ్ఞానశేఖర్ పళ్ళు కొరుక్కున్నాడు.

ఈ పడవల పాఠానికి ఒక కథ ఉంది. వర్షాలకి ముందు సగటు గురించి మొదలుపెట్టాడు. సూత్రం రాస్తే ఎవరికీ ఎక్కలేదు. రాయగా రాయగా చెయ్యి నొప్పెట్టి, చివరికి విసుగెత్తి, చేపలతో చెప్పాడు. పడవలన్నీ ఒడ్డుకొచ్చాక అన్ని గంపలూ ఒక్క కుప్ప పోసి, అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికీ వచ్చే వాటాయే సగటు. క్లాసంతా మొదటిసారి తలకాయలు ఊపింది. అమ్మయ్య అనుకుని, ఇప్పుడు అసలు సంగతి వినండి అనేలోపు వాకిట్లో జీపు ఆగింది. ఎవరో మంత్రి స్టీలు ప్లాంటు పనులు చూడ్డానికొస్తున్నాడు, బందోబస్తు. హెడ్ కానిస్టేబుళ్ళు టోపీలు పెట్టుకుని లేచిపోయారు. ఆ తరవాత ఒక సమ్మె, ఆపైన ఏదో జాతర, ఆపైన తుపాను. అసలు సంగతి అలాగే ఉండిపోయింది. ఈ దేశంలో ఏ పాఠమైనా బందోబస్తుకి లోకువ.

తరగతి గదిలో అడుగు పెడుతూనే అప్పలసూరి కోసం చూశాడు. సూరి హెడ్ కానిస్టేబులు. తమ సందు ఏ స్టేషన్ కిందికొస్తుందో ఆ స్టేషన్‌లో కాగితాలన్నీ రాసేది అతనే. జాలరి ఇంటి బిడ్డ, తండ్రి చేపల పడవ నడిపేవాడు. మెడ లేని దిట్టమైన మనిషి, పెన్ను పట్టుకుంటే చేతిలో అగ్గిపుల్లలా ఉంటుంది. క్లాసులో నిద్రపోని ఒకే ఒక్కడు.

"ఆర్డరు వచ్చిందా సూరీ?"

సూరి మొహం చాటంత అయింది. "వచ్చీసింది సార్! పొద్దున్నే బోర్డుకి కొట్టీసారు. మీ సందుకి గస్తీ పడిపోనాది."

జ్ఞానశేఖర్ బల్ల అంచుమీద కూర్చుండిపోయాడు. కళ్ళు చెమర్చాయి. క్లాసు చూస్తోందని జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. అక్క పెట్టె లోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేస్తున్నట్టు కనిపించింది. ఇంటికెళ్ళేటప్పుడు కాస్త మాంసం పట్టుకెళ్ళాలి అనుకున్నాడు.

"ప్రతి రాత్రీనా?"

"వారానికొక్క రాత్రి సార్. మాకాడ గస్తీకి ఏడు బీట్లు కదా, ఏడు రాత్రులు. అందరికీ ఒకటే. ఎవలికీ అన్నాయం లేదు."

"ఒక్క రాత్రా? ఇరవయ్యొక్క ఫిర్యాదులిచ్చిన సందుకి ఒకటీ, ఏడాదికొక కోడి పోయే కాలనీకి ఒకటీనా?"

"ఇరవయ్యొకటేటి సార్? మీకు అయిదు. అందరికీ అయిదే." సూరి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీరు సెప్నట్టే సేసాను."

"నేనేం చెప్పాను?"

సూరి లేచి నిలబడ్డాడు, పాఠం అప్పజెప్పేవాడిలాగా. "అన్నీ ఒక్క కుప్ప పోసి సమానంగా పంచితే సగటు అన్నారు కదా సార్. మా జగ్గయ్య ఉన్నాడు కదా, మీ బీటు కానిస్టేబులు, మీ ఆడోళ్ళు కాగితాలిచ్చిన కాడ్నించీ నెలనెలా మీటింగుల ఆడికే తిట్లు. నీ బీట్లోనే ఇన్నేటిరా, నిద్రోతన్నావా అని. రిటైరైపోయే ముసిలోడు సార్, ఇంక్రిమెంటు కోసీస్తామన్నారు. మా అయ్య అయితే ఏటి సేసీవోడు? ఒకడి వలకి ఏటీ పడకపోతే ఆడింట పొయ్యి ఎలగొద్దా? అందరి సేపలూ కలిపి వాటాలేసీవోడు. నానూ అలాగే అన్ని బీట్లవీ కుప్ప పోసి ఏడు వాటాలు పెట్టీసాను. మొత్తం తప్పలేదు సార్, సూస్కోండి. ఒక్క ఫిర్యాదు కూడా మింగీలేదు."

జ్ఞానశేఖర్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తన తల ముందా, సూరి తల ముందా అన్నది తేలక ఆగాడు.

"పంచింది చేపలు కాదయ్యా! దొంగతనాలు! నువ్వు అయిదే అని రాస్తే, మా సందుకొచ్చే దొంగ మిగతా పదహారుసార్లూ ఆ కాలనీకి పోయి వస్తాడా?"

వెనక బెంచీ లోంచి జైలు వార్డరు సన్యాసిరాజు అందుకున్నాడు. "ఆడికో మెమో ఇచ్చీండి సార్, ఎందుకెల్లడు?"

గది గొల్లుమంది. సూరి నవ్వలేదు. మేష్టారి మొహం వంకా, తన చేతుల వంకా చూసుకున్నాడు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది, ఏమిటన్నది ఇంకా దిగలేదు.

"మార్చు సూరీ. ఇప్పుడే వెళ్ళి ఉన్నదున్నట్టు రాసి పంపు."

"ఎలాగ సార్? దొరల సంతకాలైపోనాయి. పై ఆఫీసుకి ఎల్లిపోనాది. మల్లీ ఆర్నెల్లకే." గొంతు తగ్గించాడు. "మీరే కదా సార్ సెప్పారు."

దెప్పినట్టు అన్నా బాగుండేది. నిజంగా అర్థంకాక అడిగాడు. జ్ఞానశేఖర్ తిరిగి బోర్డు వైపు నడిచాడు. పురికొస ముడి రాలేదు. గోళ్ళతో పీకాడు, పళ్ళతో పీకాడు. చివరికి ఎవరో బ్లేడు అందించారు. కాగితం మేకుకి తగిలిస్తే కిందినుంచి చుట్టుకుపోయి మూడో పడవని మింగేసింది. చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"పదిహేను గంపలు. మూడు పడవలు. సగటు అయిదు. సరేనా? ఇప్పుడు చెప్పండి, అయిదు గంపలున్న పడవ ఏది?"

ఒక కోర్టు గుమస్తా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏదీ లేదు! సగటు ఎవరి పడవలోనూ లేదు. పంచుకుతినడానికి అది మంచిదే. కాని ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలుసుకోవాలంటే కుప్ప పొయ్యకూడదు. ఏ పడవలో ఎంతుందో, ఒకదానికీ ఇంకోదానికీ ఎంత తేడా ఉందో అది పక్కనే చెప్పాలి. ఎక్కడ దీపం పెట్టాలో, ఎక్కడికి మనిషిని పంపాలో ఆ తేడాయే చెబుతుంది. అది చెప్పకుండా సగటు ఒక్కటే చెప్పి ఊరుకున్నవాడు..."

మాట ఆగిపోయింది. సగటు ఒక్కటే చెప్పి ఊరుకున్నవాడు మరెవరో కాదు.

"సార్," అన్నాడు సన్యాసిరాజు, "ఇది పరీచ్చకొస్తాదా?"

"వస్తుంది."

అందరూ గబగబా రాసుకున్నారు. సూరి రాసుకోలేదు. మోచేతులు బల్లకి ఆనించి, క్లాసు అయ్యేదాకా ఆ ఖాళీ పడవనే చూస్తూ కూర్చున్నాడు. గేటు దాటుతుంటే వెనకే వచ్చాడు.

"డ్యూటీ దిగినాక నానే ఓ సుట్టు తిరుగుతాను సార్ మీ సందుల."

"ఎన్నాళ్ళు తిరుగుతావయ్యా?"

సూరి నిజంగానే ఆలోచించాడు. "కుదిరినన్నాళ్ళు," అన్నాడు.

తిడదామని నోటిదాకా వచ్చిన మాట జ్ఞానశేఖర్ లోపలికి తోసేశాడు. ఈ మనిషిని తిట్టినా పాపమే, తిట్టకపోయినా ఒళ్ళు మండిపోతోంది.

*

తిరుగు బస్సు రైలు గేటు దగ్గర ఆగిపోయింది. ఇనుప ఖనిజం గూడ్సు పోర్టువైపు పోతోంది. ఎర్రటి వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎంతకీ అయిపోవు. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. తోవంతా జ్ఞానశేఖర్ అక్కకి ఎలా చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాడు. వారానికి ఒకటి పడిందక్కా, మొదలంటూ అయింది కదా. ఆర్నెల్లు ఓర్చుకుంటే చాలు. ఏ మాటా మొదటి రెండు ముక్కలు దాటి నిలబడలేదు. ఇంటికెళ్ళాక చూసుకుందాం, కాళ్ళు పట్టుకునైనా ఆపుదాం అనుకున్నాడు.

ఇంటిదాకా వెళ్ళనక్కర్లేకపోయింది. సందు మొగలో బస్సు దిగేసరికి, బండి వేళయిందని రత్నమణి అక్కడికే వచ్చి నిలబడి ఉంది. పక్కన రేకు పెట్టె, దానిమీద చేతిసంచీ. సాగనంపడానికి కాసులమ్మ వచ్చింది. రత్నమణి తమ్ముడి మొహం చూసింది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాలు ఆ మొహంలోనే చదివేది.

"పడిందా?"

"పడింది." నేలచూపులు చూశాడు. "వారానికి ఒక రాత్రి."

కాసులమ్మ ఫక్కుమంది. "ఏ రాత్రో దొంగలకి కూడా సెప్పీమను బాబూ. పాపం, ఆలకి తెలవద్దా?"

రత్నమణి నవ్వలేదు. "మరి అంతమందిమి ఎల్లి రాయించాం కదరా."

"అన్నీ కుప్ప పోసి పంచేశారక్కా. మన ఫిర్యాదులు తీసి, ఏమీ జరగని వీధులకి కూడా సమానంగా వేసేశారు."

ఆమె చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"ఆ బెంచీ మీద కూకున్నది కూడా పంచీసారేటి?"

జ్ఞానశేఖర్‌కి సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఎవరి మీదన్నా అరవాలని ఉంది, ఎదురుగా ఎవరూ లేరు. "నేను చెప్పిన పాఠమేనక్కా," అన్నాడు చివరికి. "నేను నేర్పిందే."

రత్నమణి వంకర చేతిని అతని భుజం మీద వేసింది. "పోన్లేరా. ఇన్నేల్లకి ఒకడన్నా నీ పాటం ఇన్నాడు."

ఏడవాలో నవ్వాలో తెలియని ఆ ఒక్క క్షణంలో రైలు స్టేషనుకి వెళ్ళే బస్సు రానే వచ్చింది. జ్ఞానశేఖర్ పెట్టె ఎత్తి లోపల పెట్టాడు, తనూ ఎక్కబోయాడు. రత్నమణి మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"నువ్వొద్దు. నన్ను బండెక్కించి తిరిగొచ్చేసరికి సీకటైపోద్ది. ఒక్కడివీ ఆ సందులోంచి రావాల."

"నాకేమవుతుందక్కా?"

ఆమె సంచీలో చెయ్యి పెట్టి, పాత చీరపేలికలో చుట్టిన మూటేదో తీసి అతని చేతిలో పెట్టింది. తినడానికేదో ఇచ్చిందనుకుని అందుకున్నాడు. బరువుకి చెయ్యి కిందికి జారింది.

"ఇదేటక్కా?"

"రాయిరా. పట్టాల పక్కన దొరికింది. బస్సు దిగిన కాడ్నించి ఇంటిదాకా సేతిలో పట్టుకునేదాన్ని. అక్కడ నాకు అక్కర్లేదు కదా."

కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీ లోంచి చేత్తో, ఇంటికి పో, ఇంటికి పో అని సైగ చేస్తూనే ఉంది.

"నువ్వు ఇప్పుడే సూసావేటి బాబూ?" కాసులమ్మ ఆశ్చర్యపోయింది. "ఈ సందుల ఆడోళ్ళందరి కాడా ఉంటాది. నాది గంపలో ఉంటాది."

ఇంటింటికీ తిరిగినవాడు. ఏం పోయింది, ఏ పూట పోయింది, ఎటు పారిపోయాడు అని ప్రతి గుమ్మంలోనూ అడిగినవాడు. ఏం చేతపట్టుకుని నడుస్తున్నారమ్మా అని ఒక్క గుమ్మంలోనూ అడగలేదు. ఇంకా వెలుగుండగానే కాసులమ్మతోపాటు సందు దాటి ఇల్లు చేరాడు. లాంతరు తుడిచి ఉంది, అన్నం మీద మూత వేసి ఉంది, మంచం మీద పెట్టె ఉన్నచోట దుప్పటి నలిగి ఉంది. కాళ్ళు కడుక్కోకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

పేలిక విప్పి దాన్ని బల్లమీద పెట్టాడు. గుప్పిటికి సరిపడే ఇనుప ఖనిజం ముక్క, అంతా ఎర్రటి దుమ్ము, బొటనవేలు ఆనేచోట మాత్రం ఆ దుమ్మంతా పోయి నల్లగా, నున్నగా మెరుస్తోంది.